అయిదు రోజుల స్టెరాయిడ్: ఎక్కడ భయపడాలి, ఎక్కడ అక్కర్లేదు

మందుల చీటీలో ప్రెడ్నిసొలోన్ కనిపిస్తే మన ఇళ్లలో రెండు రకాల మనుషులు బయటపడతారు. "అమ్మో, స్టెరాయిడా!" అని ఫోన్‌లో దాని పేరు వెతికి, కనిపించిన దుష్ప్రభావాలన్నీ చదివి, రెండో రోజుకే బిళ్లలు పక్కన పడేసేవాళ్లు ఒకరు. మూడు రోజుల్లో ఆయాసం, దురద, ఒళ్లు నొప్పులు అన్నీ మాయమయ్యేసరికి "ఈ బిళ్ల భలే పనిచేసింది" అని ఖాళీ స్ట్రిప్ పట్టుకుని మళ్లీ మెడికల్ షాపుకు వెళ్లేవాళ్లు ఇంకొకరు. మొదటివాళ్లకు జబ్బు తిరగబెడుతుంది. రెండోవాళ్లకు కొన్నాళ్లకు మందే జబ్బవుతుంది.

ఈ మందు వాడకంలో మనకున్న పెద్ద రక్షణ అది కొద్ది రోజులే కావడం. కాబట్టి వాడేవాళ్లకు మూడు సంగతులు తెలిసి తీరాలి: ఎందుకు వేసుకుంటున్నాం, రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తేదీన ఆగాలి. ఈ మూడింటికీ జవాబున్న 5 రోజుల కోర్సు చాలామందికి పెద్ద ఇబ్బంది పెట్టకుండానే గడిచిపోతుంది. ఈ మూడింట్లో ఒక్కటి తెలియకపోయినా డాక్టర్ గది దాటకముందే అడగాలి.

ముందు ఒక అయోమయం తీర్చుకుందాం. జిమ్‌లో కండల కోసం దొంగచాటుగా వాడేవి మగ హార్మోన్‌ను పోలిన స్టెరాయిడ్లు. మనం మాట్లాడుకుంటున్నవి కార్టికోస్టెరాయిడ్లు. ఇవి కండ పెంచవు సరికదా, ఎక్కువ కాలం వాడితే ఉన్న కండను కరిగిస్తాయి. మన షాపుల్లో ప్రెడ్నిసొలోన్ ఎక్కువగా వైసోలోన్, ఓమ్నాకార్టిల్ పేర్లతో దొరుకుతుంది. మెడ్రాల్ అంటే మిథైల్‌ప్రెడ్నిసొలోన్. డెఫ్‌కార్ట్ అంటే డెఫ్లజాకార్ట్. డెక్సోనా అంటే డెక్సామెథసోన్, బెట్నెసాల్ అంటే బీటామెథసోన్. పేర్లు వేరైనా అన్నీ ఒకే కుటుంబం. చీటీలో ఒకటి, ఇంట్లో పాతది ఇంకొకటి ఉంటే రెండూ కలిపి వేసుకునేవాళ్లున్నారు. అలా చేస్తే డోసు రెట్టింపు అయినట్టే.

బిళ్ల మీది అంకెను చూసి బలం అంచనా వేయకూడదు. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్, 4 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసొలోన్, 6 మిల్లీగ్రాముల డెఫ్లజాకార్ట్, 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ దాదాపు సమానం. అంటే "అర మిల్లీగ్రామే కదా" అని రోజుకు నాలుగు డెక్సా బిళ్లలు మింగే మనిషి 13 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ తీసుకుంటున్నట్టు లెక్క. పైగా డెక్సా ప్రభావం శరీరంలో ఒకటిన్నర నుంచి రెండు రోజుల పైదాకా ఉంటుంది. షాపులో "ఆ కంపెనీది లేదు, ఇది తీసుకోండి" అంటే కంపెనీ మారిందా, మందే మారిందా అన్నది చూసుకోవాలి. అమెరికాలో ఉండేవాళ్లకు అక్కడ ప్రెడ్నిసోన్ రాస్తారు. కాలేయం దాన్నే ప్రెడ్నిసొలోన్‌గా మార్చుకుంటుంది, మిల్లీగ్రాముల లెక్క ఒకటే.

ఒంట్లో ఏం జరుగుతుంది

మన మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ తయారు చేస్తాయి. తెల్లవారుజామున అది పెరుగుతుంది, అర్ధరాత్రి వేళకు బాగా పడిపోతుంది. బీపీ నిలబెట్టడం, ఆకలిగా ఉన్నప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా చూడడం, జ్వరమో దెబ్బో తగిలినప్పుడు ఒంటిని నిలబెట్టడం దాని పనులు. రోగనిరోధక వ్యవస్థ మరీ రెచ్చిపోకుండా పగ్గం వేసేది కూడా అదే.

స్టెరాయిడ్ బిళ్ల ఈ కార్టిసాల్‌కు నకలు. ఒంట్లో రోజూ తయారయ్యే కార్టిసాల్ సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానం. ఆస్తమా ముదిరినప్పుడు డాక్టర్ రాసే 40 మిల్లీగ్రాములంటే దానికి ఎనిమిది రెట్లు. ఆ మోతాదులో వాపు తగ్గుతుంది, ఊపిరిగొట్టాల గోడలు తేలికపడతాయి, దద్దుర్లు అణిగిపోతాయి. ఇదంతా మొదటి మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే మొదలవుతుంది.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి తొలిసారి కార్టిసోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, ఎడ్వర్డ్ కెండాల్, టాడియస్ రైక్‌స్టీన్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మందు ఆపితే నొప్పులు తిరిగి రావడం, ఆపకపోతే ముఖం ఉబ్బడం, మనసు చెదరడం కూడా త్వరలోనే బయటపడ్డాయి. ఆ తొలి రోగులు చూపించిన సంగతే ఇప్పటికీ నిజం: స్టెరాయిడ్ వేసుకుంటే హాయిగా అనిపించడం వేరు, జబ్బు నయం కావడం వేరు.

ఎక్కడ ఇది నిజంగా అవసరం

ఆస్తమా ఉన్నట్టుండి ఎక్కువై, పిల్లికూతలతో మాట పూర్తి చేయలేని స్థితిలో పెద్దవాళ్లకు రోజుకు 40 నుంచి 50 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ 5 నుంచి 7 రోజులు ఇవ్వడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. పిల్లలకు బరువును బట్టి లెక్క కట్టి 3 నుంచి 5 రోజులు ఇస్తారు. ఇక్కడ భయపడి రెండో రోజే ఆపితే నష్టం మనకే. పైకి ఆయాసం తగ్గినా లోపల వాపు ఇంకా ఉంటుంది, మూడో రాత్రి మళ్లీ ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తుంది.

దీర్ఘకాలం పొగ తాగినవాళ్లకు, కట్టెల పొయ్యి దగ్గర బతుకు గడిచిన ఆడవాళ్లకు వచ్చే సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ముదిరినప్పుడు కూడా ఇదే మందు. 2013లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఒక ప్రయోగంలో ఇలాంటి రోగుల్లో సగం మందికి 40 మిల్లీగ్రాములు 5 రోజులు, మిగతా సగానికి 14 రోజులు ఇచ్చారు. ఆరు నెలల పాటు గమనిస్తే జబ్బు తిరగబెట్టడంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తక్కువ రోజులు వాడినవాళ్లకు ఒంట్లోకి వెళ్లిన మందు మాత్రం చాలా తక్కువ. పాత చీటీల్లో రెండు వారాలు రాసేవాళ్లు ఇప్పుడు 5 రోజులకు దిగడానికి ఇలాంటి ఫలితాలే కారణం.

ఒక ఉదయం లేచేసరికి మూతి వంకర పోయి, ఒక కన్ను మూతపడకపోతే చాలామంది పక్షవాతం అనుకుని హడలిపోతారు. అది పక్షవాతమా, ముఖ నరం వాపు వల్ల వచ్చిన బెల్స్ పాల్సీనా అన్నది వెంటనే డాక్టరే తేల్చాలి. బెల్స్ పాల్సీ అయితే 72 గంటల లోపు మొదలుపెట్టిన ప్రెడ్నిసొలోన్‌తో కోలుకునే అవకాశం స్పష్టంగా పెరుగుతుంది. 2007లో వెలువడిన స్కాట్లాండ్ అధ్యయనంలో 10 రోజుల కోర్సు తీసుకున్నవాళ్లలో 83 శాతం మందికి మూడు నెలల్లో ముఖం పూర్తిగా మామూలైంది. తీసుకోనివాళ్లలో అది 64 శాతం దగ్గర ఆగింది. పసరు కట్టించుకుంటూ వారం గడిపేస్తే ఆ 72 గంటలు చేజారతాయి.

కోవిడ్ కాలం దీనికి మరో కోణం చూపించింది. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, గరిష్ఠంగా 10 రోజులు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ఏ లాభమూ కనిపించలేదు. ఆ చివరి వాక్యాన్ని మనవాళ్లలో చాలామంది వినలేదు. 2021 వేసవిలో జ్వరం వచ్చిన మొదటి రోజే డెక్సా, మెడ్రాల్ మొదలుపెట్టిన ఇళ్లు వీధికొకటి ఉండేవి. దాని సంగతి కిందకొస్తుంది.

అక్కర్లేని చోట

దగ్గు అనగానే చీటీలో స్టెరాయిడ్ పడిపోవడం మామూలైపోయింది. ఆస్తమా లేని పెద్దవాళ్లకు జలుబు తర్వాత వచ్చే ఛాతీ దగ్గులో 5 రోజుల పాటు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఇచ్చి ఇంగ్లండ్‌లో పరీక్షించారు. 2017లో ఫలితం వచ్చింది: దగ్గు ఎన్నాళ్లున్నదీ మారలేదు, తీవ్రతా చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. నడుము నుంచి కాలి దాకా లాగే సయాటికాకు 15 రోజుల కోర్సు ఇచ్చి చూసిన అమెరికా ప్రయోగంలో కదలికలు కాస్త మెరుగయ్యాయి తప్ప నొప్పి తగ్గడంలో తేడా రాలేదు. డెంగీలో స్టెరాయిడ్ ఇస్తే ప్లేట్‌లెట్లు పెరుగుతాయన్న నమ్మకం మన జిల్లాల్లో బలంగా ఉంది కానీ, ప్రామాణిక చికిత్సలో దానికి చోటు లేదు.

మామూలు వైరల్ జ్వరానికి ఆర్‌ఎంపీ ఇచ్చే డెక్సా ఇంజెక్షన్ కథ అందరికీ తెలిసిందే. జ్వరం అణుగుతుంది, ఒళ్లు తేలికవుతుంది, ఆకలేస్తుంది. జనం "ఆయన చెయ్యి మంచిది" అంటారు. లోపలున్నది టైఫాయిడో, క్షయో అయితే ఆ తేలికదనం వెనక అది పెరుగుతూనే ఉంటుంది.

వేసుకునే పద్ధతి

చీటీ మీద 1-0-0 అని ఉంటే ఉదయం ఒక్కసారే అని అర్థం. ఉదయం టిఫిన్ తిన్నాక, ఎనిమిది తొమ్మిది గంటల మధ్య రోజు మోతాదంతా ఒకేసారి వేసుకోవడం మేలు. ఒంటి సొంత కార్టిసాల్ పెరిగే వేళ అదే కాబట్టి గ్రంథుల మీద ఒత్తిడి తక్కువ పడుతుంది, రాత్రి నిద్ర కూడా చెడదు. 40 మిల్లీగ్రాములకు 20 మిల్లీగ్రాముల బిళ్లలు రెండు మింగాలంటే ఒకేసారి మింగొచ్చు, విడదీసి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోనక్కర్లేదు. డాక్టర్ కావాలనే రెండుసార్లు రాస్తే రెండోది మధ్యాహ్నం వేసుకోవచ్చా అని అడగండి. నలిపితే ప్రెడ్నిసొలోన్ చేదు విషం, పిల్లలకు సిరప్ దొరుకుతుంది.

ఉదయం మరిచిపోయి మధ్యాహ్నం గుర్తొస్తే వెంటనే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే ఆ రోజుది మాత్రమే వేసుకోవాలి, రెండు రోజులవి కలిపి మింగకూడదు.

కడుపు గురించి జనానికున్న భయం కొంత నిజం, కొంత అలవాటు. స్టెరాయిడ్ ఒక్కటే కొద్ది రోజులు వాడితే, ఇంతకుముందు అల్సర్ లేని ఆరోగ్యవంతుడికి పుండు పడే ముప్పు తక్కువే. తిని వేసుకుంటే చాలు, ప్రతి ఒక్కరికీ గ్యాస్ టాబ్లెట్ తప్పనిసరేమీ కాదు. అసలు ప్రమాదం స్టెరాయిడ్‌తో పాటు డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కలిసినప్పుడు వస్తుంది. నడుం నొప్పి చీటీల్లో ఈ జంట ఇప్పటికీ తరచుగా కనిపిస్తుంది. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు, 65 దాటినవాళ్లు, గతంలో అల్సర్ వచ్చినవాళ్లు ఆ మాట డాక్టర్‌కు చెప్పి గ్యాస్ టాబ్లెట్ రాయించుకోవాలి. ఈ రోజుల్లో నొప్పికో జ్వరానికో పారాసెటమాల్ చాలు. మద్యం అలవాటున్నవాళ్లు కోర్సు అయ్యేదాకా దాని జోలికి పోకపోవడం కడుపుకూ షుగర్‌కూ మంచిది.

మరో జంట కూడా ఉంది, దాని గురించి తక్కువమందికి తెలుసు. దగ్గు, జ్వరంతో వెళితే లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపి రాస్తుంటారు. 60 దాటినవాళ్లలో ఈ రెండూ కలిస్తే మడమ వెనక ఉండే స్నాయువు వాచి, ఒక్కోసారి తెగిపోయే ముప్పు పెరుగుతుంది. మడమ వెనక నొప్పి మొదలైతే నడక ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమాజెపైన్ స్టెరాయిడ్ బలాన్ని తగ్గించేస్తాయి. తామరకు ఇప్పుడు విరివిగా రాస్తున్న ఇట్రాకొనజోల్ దీనికి తిరుగు, ముఖ్యంగా మెడ్రాల్ ప్రభావాన్ని పెంచుతుంది. వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తం పలుచబడే లెక్క మారొచ్చు. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లడం కన్నా సులువైన పద్ధతి లేదు.

షుగర్ ఉన్నవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి

మన రాష్ట్రాల్లో ఏ వీధికి వెళ్లినా ఇంటికొకరు షుగర్ ఉన్నవాళ్లు తగులుతున్నారు కాబట్టి, ఈ మందుతో ఎక్కువ గొడవ వచ్చేదీ ఇక్కడే. స్టెరాయిడ్ కాలేయం చేత ఎక్కువ చక్కెర విడుదల చేయిస్తుంది, ఇన్సులిన్ మాట కండరాలు వినకుండా చేస్తుంది. అయితే అది రోజంతా ఒకేలా పెరగదు. ఉదయం ప్రెడ్నిసొలోన్ వేసుకుంటే మధ్యాహ్నం నుంచి ఎక్కడం మొదలై, సాయంత్రానికి శిఖరం చేరి, తెల్లవారేసరికి చాలామందిలో మళ్లీ దిగిపోతుంది.

మనవాళ్లేమో అలవాటుగా పరగడుపున సూదితో గుచ్చుకుని చూస్తారు. 118 అని వస్తే "మనకేం కాలేదు" అని నిశ్చింతగా ఉంటారు. అదే మనిషికి సాయంత్రం అయిదింటికి 320 ఉండొచ్చు. కాబట్టి కోర్సు నడిచే రోజుల్లో చూసుకోవాల్సిన వేళలు మధ్యాహ్న భోజనం తర్వాత రెండు గంటలకు ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి. రెండుసార్లు వరసగా 250 దాటితే షుగర్ డాక్టర్‌కు ఫోన్ చేసి మందు సర్దుబాటు అడగండి. 300 దాటి, దానితో పాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, మత్తుగా ఉండడం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇన్సులిన్ యూనిట్లు సొంతంగా పెంచుకోవడం మాత్రం వద్దు. రాత్రి ఇన్సులిన్ పెంచితే సాయంత్రపు షుగర్ దిగకపోగా తెల్లవారుజామున పడిపోయే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ ఆపాక ఒకటి రెండు రోజుల్లో చక్కెర కిందికి వస్తుంది. అప్పుడు పెంచిన మందును మళ్లీ తగ్గించడం మరిచిపోతే చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. కోర్సు మొదలయ్యే రోజే "ఆపాక మళ్లీ ఎంత వేసుకోవాలి?" అని అడిగి రాయించుకోవాలి.

షుగర్ లేదనుకునేవాళ్లలో కొందరికి అది ఉందని ఈ 5 రోజుల్లోనే బయటపడుతుంది. తల్లిదండ్రులకు షుగర్ ఉండి, పొట్ట పెరిగి, నలభై దాటినవాళ్లు కోర్సులో ఒక్కసారైనా సాయంత్రం పరీక్ష చేయించుకోవడం తెలివైన పని. బీపీ ఉన్నవాళ్లు ఇంట్లో మిషన్ ఉంటే చూసుకుంటూ ఉండాలి. ఊరగాయలు, అప్పడాలు, చిప్స్ ఆ నాలుగు రోజులు తగ్గిస్తే ఒంట్లో నీరు చేరడం తగ్గుతుంది. ఆకలి మామూలుకన్నా ఎక్కువగా వేస్తుంది, అది మందు పని. ఇంట్లోవాళ్లు "బాగా తింటున్నాడు, కోలుకున్నాడు" అని మరో రెండు ఇడ్లీలు వడ్డించనక్కర్లేదు.

నిద్ర, మనసు

నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, కొందరిలో విపరీతమైన హుషారు. రాత్రి పదకొండింటికి అల్మారా సర్దుతున్న మనిషిని చూసి ఇంట్లోవాళ్లకు టెన్షన్ రావచ్చు. చాలామందిలో మందు ఆపాక రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. మనసు పూర్తిగా అదుపు తప్పడం మోతాదును బట్టి ఉంటుంది. 1972లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు ఆస్పత్రి రోగులను గమనించినప్పుడు, రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోన్ లేదా అంతకన్నా తక్కువ వాడినవాళ్లలో 1.3 శాతం మందికే అలాంటి తీవ్రమైన మార్పులొచ్చాయి. 80 దాటినవాళ్లలో అది 18 శాతం. గతంలో డిప్రెషన్‌కో బైపోలార్‌కో చికిత్స తీసుకున్నవాళ్లు ఆ మాట దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి. లేనివి వినిపించడం, చచ్చిపోవాలన్న మాటలు, రెండు రాత్రులు అసలు కన్నంటకపోవడం కనిపిస్తే కోర్సు ముగిసేదాకా ఎదురుచూడకూడదు. ఈ సంగతి రోగికన్నా ఇంట్లో ఉండేవాళ్లకు తెలిసి ఉండడం ముఖ్యం, ఎందుకంటే హుషారులో ఉన్న మనిషికి తనలో తేడా తెలియదు.

ఇన్ఫెక్షన్లు: బయటికి కనిపించని భాగం

2021 రెండో వేవ్‌లో హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రిని బ్లాక్ ఫంగస్ రోగులకు ప్రత్యేక కేంద్రంగా మార్చారు. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా నివేదించాల్సిన జబ్బుగా ప్రకటించింది. దేశమంతటా 40 వేలకు పైగా కేసులొచ్చాయి. అదుపులో లేని షుగర్, దాని మీద అవసరానికి మించిన స్టెరాయిడ్, ఈ రెండూ చాలా కేసుల్లో కలిసే కనిపించాయి. ముక్కులోంచి కన్నుకూ మెదడుకూ పాకే ఆ ఫంగస్‌కు చక్కెర ఎక్కువున్న రక్తం, బలహీనపడిన కాపలా రెండూ కావాలి. మనం రెండూ ఇచ్చాం.

దాన్ని చూసి ఆస్తమాకు 5 రోజులు వాడేవాళ్లు హడలిపోనక్కర్లేదు. కానీ కొన్ని విషయాలు మొదలుపెట్టకముందే చెప్పాలి. రెండు వారాలకు పైగా దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందు క్షయ పరీక్ష జరగాలి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు, స్టెరాయిడ్ ఆ లక్షణాలను కొన్నాళ్లు కప్పేస్తుంది. చిన్నప్పుడు ఆటలమ్మ రానివాళ్లు, కోర్సులో ఉండగా ఆటలమ్మ పోసిన మనిషితో ఒకే ఇంట్లో ఉంటే ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి. పొలంలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ల పాదాల నుంచి ఒంట్లో చేరే స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా పేగుల్లో ఉంటుంది. స్టెరాయిడ్ పడితే అది విజృంభించి ప్రాణం మీదికి తేవచ్చు, అరుదుగా చిన్న కోర్సుతోనూ. అంతుపట్టని దురద, ఈసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల కణాలు ఎక్కువున్న రక్త పరీక్ష ఉంటే అడగడం మంచిది.

మరో తికమక. కోర్సులో ఉండగా రక్త పరీక్ష చేయిస్తే తెల్ల కణాలు 14 వేలో 15 వేలో కనిపించి "ఇన్ఫెక్షన్ పెరిగింది" అనిపిస్తుంది. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉండే కణాలను స్టెరాయిడ్ రక్తంలోకి వదిలించడం దీనికి ఒక కారణం. ల్యాబ్ రిపోర్టు చూసే డాక్టర్‌కు స్టెరాయిడ్ వాడుతున్న సంగతి తెలియకపోతే అక్కర్లేని యాంటీబయాటిక్ మొదలవుతుంది. తెలిస్తే, నిజంగా ఇన్ఫెక్షన్ ఉందా అన్నది ఇతర గుర్తులతో తేల్చుకుంటారు.

తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, ఉన్నట్టుండి చూపు మసకబారడం, కాలి పిక్క ఒకటి వాచి నొప్పి పుట్టడం, వణికించే జ్వరం వస్తే మర్నాటి దాకా చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఆపడం: ఒక్కసారిగానా, మెల్లగానా?

"స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రాణం పోతుంది" అనేది సగం నిజం. నెలల తరబడి వాడేవాళ్లకు అది అక్షరాలా వర్తిస్తుంది. బయటి నుంచి కార్టిసాల్ నకలు వస్తుంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి అడ్రినల్‌కు ఆదేశాలు పంపడం మానేస్తుంది. వారాలు గడిస్తే అడ్రినల్ పని మరిచిపోతుంది. అప్పుడు బిళ్ల హఠాత్తుగా ఆపితే ఒంట్లో కార్టిసాల్ ఎక్కడినుంచీ రాదు: నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం.

5 రోజుల 40 మిల్లీగ్రాముల కోర్సుకు ఆ స్థితి సాధారణంగా రాదు. చివరి రోజు పూర్తి డోసు వేసుకుని మర్నాడు ఆపేయొచ్చు. అదే డాక్టర్ 40, 30, 20, 10 అని మెట్లు దిగినట్టు రాస్తే ఆ వరస ప్రకారమే వెళ్లాలి. కొన్ని జబ్బుల్లో అది గ్రంథి కోసం కాదు, జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టకుండా చేసే ఏర్పాటు. దద్దుర్లు, అలర్జీల్లో ఇలా ఎక్కువగా రాస్తారు.

బ్రిటన్ వైద్యులు మెల్లగా తగ్గించడం గురించి ఆలోచించే సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటిని మనమూ గుర్తుపెట్టుకోవచ్చు. మూడు వారాలు దాటి వాడినప్పుడు. 40 మిల్లీగ్రాములకు పైగా వారం దాటి వాడినప్పుడు. మళ్లీ మళ్లీ కోర్సులు పడినప్పుడు. రాత్రి పూట డోసులు వరసగా వేసుకున్నప్పుడు. దీర్ఘకాల స్టెరాయిడ్ ఆపిన ఏడాదిలోపు చిన్న కోర్సు వచ్చినప్పుడు. వీటిలో ఏదైనా మీకు వర్తిస్తే "5 రోజులే కదా" అన్న ధీమా పనికిరాదు.

చిన్నవి కలిసి పెద్దవైతే

అమెరికాలో 15 లక్షల మంది పెద్దవాళ్ల వివరాలు పరిశీలించి 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. మూడేళ్లలో ప్రతి అయిదుగురిలో ఒకరికి కనీసం ఒక చిన్న స్టెరాయిడ్ కోర్సు పడింది. ఎక్కువగా రాసిన కారణాలు జలుబు, దగ్గు లాంటివి, నడుం నొప్పి, అలర్జీ. అంటే లాభం అంతంతమాత్రంగా ఉన్న చోట్లే ఎక్కువ. మందు మొదలైన నెల రోజుల్లో రక్తమంతా ఇన్ఫెక్షన్ పాకే సెప్సిస్ అయిదు రెట్లు, రక్తనాళాల్లో గడ్డలు మూడు రెట్లు, ఎముకలు విరగడం దాదాపు రెండు రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఈ రెట్లు విని బెంబేలెత్తవద్దు. వీటిలో ప్రతి ఒక్కటీ అసలే అరుదు, అయిదు రెట్లైనా వేలల్లో ఒకరిద్దరి సంగతి. అసలు జబ్బు ప్రభావం కూడా అందులో కొంత కలిసి ఉండొచ్చు. కానీ ఫలితం లేని దగ్గుకు ఆ చిన్న ముప్పు కూడా ఎందుకు మోయాలి?

ఆస్తమా నిపుణుల అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇంకో మాట చెబుతున్నాయి. జీవితం మొత్తంలో 4, 5 చిన్న కోర్సులు దాటినా షుగర్, కంటి శుక్లాలు, ఎముకల బలహీనత ముప్పు పెరుగుతుంది. 40 మిల్లీగ్రాములు 5 రోజులంటే 200 మిల్లీగ్రాములు. అయిదుసార్లకు ఒక గ్రాము. ప్రతి చలికాలం ఒకటి, నూర్పిళ్ల దుమ్ముకు ఒకటి, దీపావళి పొగకు ఒకటి పడేవాళ్లు రెండేళ్లలో ఆ గీత దాటేస్తారు. ఏడాదిలో రెండు కోర్సులు అవసరమయ్యాయంటే ఆస్తమా అదుపులో లేదని అర్థం. అక్కడ మార్చాల్సింది రోజూ వాడే ఇన్‌హేలర్, దాన్ని పీల్చే పద్ధతి. ఇన్‌హేలర్ అంటే "అలవాటైపోతుంది" అని భయపడి, దానికన్నా ఎన్నో రెట్లు మందున్న బిళ్లను నిర్భయంగా మింగడం మన దగ్గర చూసే విచిత్రం.

లెక్కలోకి రాని స్టెరాయిడ్ ఇంకా ప్రమాదం. కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే రంగురంగుల బిళ్లల సెట్టులో తెల్లటి చిన్న బిళ్ల ఏమిటో ఇచ్చినవాళ్లు చెప్పరు, తీసుకున్నవాళ్లు అడగరు. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి అమ్మే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన సంఘటనలు కొత్తవి కావు. ఏ నాటు మందైనా రెండు రోజుల్లో అద్భుతం చేస్తే, ఆకలి పెరిగితే, ముఖం గుండ్రంగా మారితే అనుమానించాలి. అలాంటి పొడి నెలల తరబడి వాడినవాళ్లు "మోసం" అని తెలిసిన రోజే విసిరికొట్టడం కూడా ప్రమాదమే. పొడిని తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, తగ్గించే వరస ఆయన చెబుతారు. చట్టప్రకారం స్టెరాయిడ్ బిళ్లలు షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారన్నది ఎవరికీ రహస్యం కాదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెబితే డాక్టర్ సాధారణంగా ప్రెడ్నిసొలోన్ వైపే మొగ్గుతారు. మాయ దాన్ని చాలావరకు బలహీనపరుస్తుంది, డెక్సా మాత్రం బిడ్డ దాకా వెళుతుంది. పిల్లలకు రెండు వారాలకు మించి పెద్ద డోసు పడితే కొన్ని టీకాలు నెల రోజులు వాయిదా వేస్తారు. అయిదు రోజుల కోర్సుకు ఆ అవసరం సాధారణంగా రాదు.

కోర్సు మొదలుపెట్టిన రోజు చీటీని, స్ట్రిప్ మీద మందు పేరూ మిల్లీగ్రాములూ కనిపించేలా ఫోటో తీసి ఫోన్‌లో దాచండి. ఆపిన తేదీ దాని పక్కనే రాయండి. ఏడాదిలోపు ఆపరేషన్ అవసరమైనా, పెద్ద జ్వరంతో ఆస్పత్రిలో చేరినా, మత్తు డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో "స్టెరాయిడ్లు వాడారా, ఎప్పుడు, ఎంత" అన్నది ఒకటి. మిగిలిపోయిన బిళ్లలు ఉంటే డబ్బాలో దాచకండి. పక్కింటావిడ కోడలికి దగ్గు వచ్చినప్పుడు అవి చేతులు మారతాయి.